గుడ్లు లెక్కపెడితే సరిపోదు: కోపెపాడ్ తల్లి తిండి గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

ఈ రోజు మాట్లాడబోయేది సముద్రంలో ఉండే కోపెపాడ్లు అనే చిన్న జీవుల గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆడ కోపెపాడ్ తిన్న తిండికీ దాని గుడ్లు పిల్లలు కావడానికీ ఉన్న సంబంధం గురించి. తల్లి ఒక మిల్లీమీటరు ఉంటుంది, గుడ్డు అందులో పన్నెండో వంతు. ఇంత చిన్న విషయానికి ఒక ప్రసంగమా అని కొందరికి నవ్వు రావచ్చు. కానీ దీని మీద పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు పదేళ్లకు పైగా గట్టిగా వాదించుకున్నారు. ఒక పక్షం నేచర్ అనే శాస్త్ర పత్రికలో రాస్తే, ఇంకో పక్షం అదే పత్రికలో జవాబు చెప్పింది. ఆ గొడవ ఏమిటో, అందులోంచి ఏం తేలిందో చెప్పడమే నా పని. ముందుగా కాస్త నేపథ్యం చెప్పాలి, ఓపిక పట్టండి.

కోపెపాడ్ అంటే రొయ్యకూ పీతకూ దూరపు చుట్టం. పదివేలకు పైగా జాతులున్నాయి. కొన్ని చేపలకు అంటుకుని బతికే పరాన్నజీవులు, కొన్ని ఇసుక రేణువుల మధ్య పాకేవి. మనకు కావలసినవి నీటిలో తేలుతూ తిరిగే రకాలు: అకార్షియా, కాలనస్, టెమోరా, సూడోకాలనస్. సన్న కంతల వలను సముద్రంలో కాసేపు లాగి పైకి తీస్తే, చాలా చోట్ల అందులో కనిపించే జీవుల్లో ఎక్కువ భాగం ఇవే. వీటి తిండి ఒంటికణపు శైవలాలు, అంటే నాచు జాతి జీవులు, ఆ శైవలాలను తినే మరికొన్ని ఏకకణ జీవులు. వీటిని తినేవి చేపలు, ముఖ్యంగా అప్పుడే పుట్టిన చేప పిల్లలు. కాడ్, హెర్రింగ్ లాంటి ఎన్నో చేపల పిల్లలకు మొదటి వారాల్లో దొరికే ముఖ్యమైన తిండి కోపెపాడ్ పిల్లలే. అందుకని ఒక ఋతువులో ఎన్ని కోపెపాడ్ గుడ్లు పిల్లలయ్యాయి అన్న లెక్క కోపెపాడ్లతోనే ఆగదు, చేపల దాకా పోతుంది.

గుడ్డులోంచి వచ్చే పిల్లను నాప్లియస్ అంటారు. అది ఆరు దశలు దాటాలి, ఆ తర్వాత కోపెపోడైట్‌గా ఇంకో ఐదు దశలు, అప్పుడు గానీ పెద్దది కాదు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది. కాలనస్ నాప్లియస్ మొదటి రెండు దశల్లో ఏమీ తినదు. మూడో దశకు వచ్చాకే తినడం మొదలుపెడుతుంది. అకార్షియా అయితే రెండో దశ నుంచే తింటుంది. అంతవరకూ పిల్ల ఒళ్లంతా తల్లి గుడ్డులో పెట్టి ఇచ్చిన సరుకుతోనే తయారవ్వాలి. కన్ను, కాళ్లు, నరాలు, కండరాలు, అన్నీ. తల్లి ఏం తిన్నదో ఆ పిల్లకు అదే మొదటి భోజనం.

ఇక తల్లుల్లో రెండు రకాల బతుకులున్నాయి. ధ్రువ ప్రాంతాల కాలనస్ జాతులు కొన్ని ఒంట్లో కొవ్వు దండిగా దాచుకుంటాయి. వాటిని సూక్ష్మదర్శినిలో చూస్తే శరీరం మధ్యలో పొడవాటి నూనె సంచి మెరుస్తూ కనిపిస్తుంది. కాలనస్ హైపర్‌బోరియస్ అయితే నడిచలికాలంలో, తిండి దొరకని రోజుల్లో కూడా ఆ నిల్వతోనే గుడ్లు పెట్టేస్తుంది. అకార్షియా అలా కాదు. దానికి నిల్వ దాదాపు ఉండదు. ఇవాళ తిన్నదే ఒకటి రెండు రోజుల్లో గుడ్డుగా బయటికొస్తుంది. అందుకే తిండి మార్చి చూసే ప్రయోగాలకు అకార్షియా టోన్సా అంత పనికొచ్చే జీవి ఇంకోటి లేదు. సోమవారం మార్చిన తిండి బుధవారం గుడ్లలో కనిపిస్తుంది.

ఈ ప్రయోగం ఎలా చేస్తారంటే, ఒక్కొక్క ఆడదాన్ని ఒక్కో గిన్నెలో పెడతారు. వడకట్టిన సముద్రపు నీరు, అందులో కొలిచి వేసిన తిండి. ఒక రోజు తర్వాత గుడ్లు తీసి లెక్కపెడతారు. ఆ గుడ్లను విడిగా పెట్టి, వెచ్చదనాన్ని బట్టి ఒకటి నుంచి మూడు రోజులు ఆగి, ఎన్ని పిల్లలయ్యాయో చూస్తారు. వినడానికి తేలికే. చేసేవాళ్లకు తెలుస్తుంది టెన్షన్. మొదటి చిక్కు, తల్లి తన గుడ్లనే తినేస్తుంది. దానికి పాపం ఏమీ తెలియదు, దారిలో దొరికిన గుండ్రటి రేణువు, తినేసింది. అందుకని గిన్నెలో అడుగుకు కాస్త పైన ఒక వలగుడ్డ బిగిస్తారు, గుడ్లు కిందికి జారిపోతాయి, తల్లి పైనే ఉండిపోతుంది. రెండో చిక్కు, పిల్ల కాని ప్రతి గుడ్డూ చెడిపోయినట్టు కాదు. అసలు ఫలదీకరణే జరగని గుడ్డు ఉండొచ్చు. కొన్ని జాతులు కావాలనే నిద్రాణ గుడ్లు పెడతాయి, అవి నెలల తరబడి అడుగు బురదలో పడి ఉండి అదను చూసి పిల్లలవుతాయి. వీటన్నిటినీ ఒకే గంపలో వేసి హ్యాచింగ్ శాతం, అంటే పిల్లలైన గుడ్ల శాతం, ఇంత అని రాసేస్తే ఆ అంకెకు అర్థం లేదు.

సరే, అంకెల సంగతికే వద్దాం. ఇక్కడ మనకు రెండు లెక్కలు కావాలి. రోజుకు ఎన్ని గుడ్లు పెట్టింది, అందులో ఎన్ని పిల్లలయ్యాయి. చాలాకాలం సముద్ర జీవశాస్త్రంలో మొదటి లెక్కకే గౌరవం ఎక్కువ. గుడ్లు ఎక్కువ పెడితే తల్లి బాగుంది, తిండి బాగుంది, వచ్చే తరం బాగుంటుంది అనుకునేవారు. నా ఉద్దేశంలో ఈ రెండు లెక్కలూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు. గుడ్ల సంఖ్య తల్లి ఎంత తిన్నదో చెబుతుంది. పిల్లల శాతం ఏం తిన్నదో చెబుతుంది. కడుపు నిండా ఏదో ఒకటి దొరికితే గుడ్లు పెట్టేస్తుంది. ఆ గుడ్డులో పెట్టాల్సినవన్నీ పెట్టిందా లేదా అన్నది వేరే విషయం.

ఏం పెట్టాలి? ప్రోటీన్, శక్తి కోసం కొవ్వు, ఇవి మామూలే, వీటి మీద ఎక్కువసేపు ఆగను. అసలు ఇబ్బంది రెండు సరుకుల దగ్గర వస్తుంది. ఒకటి, పొడవాటి గొలుసు ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు. ముఖ్యంగా ఈపీఏ, డీహెచ్‌ఏ. రెండు, స్టెరాల్స్, అంటే కొలెస్టరాల్ కుటుంబం. కణం పైపొర ఎంత మెత్తగా ఉండాలి, నరాలు ఎలా పనిచేయాలి అన్నది ఈ ఆమ్లాల మీద ఆధారపడుతుంది. ఒక్క కణం నుంచి వేల కణాలుగా విడిపోతున్న పిండానికి ప్రతి కణానికీ కొత్త పొర కావాలి, ఆ పొరకు ఈ ముడిసరుకు కావాలి. చిక్కేమిటంటే, రొయ్యజాతి జీవులేవీ కొలెస్టరాల్‌ను సొంతంగా తయారుచేసుకోలేవు. తిండిలోంచి రావాల్సిందే. డీహెచ్‌ఏ విషయంలోనూ మనం చెప్పుకుంటున్న ఈ కాలనాయిడ్ గుంపు కోపెపాడ్లకు చేతనయ్యేది చాలా తక్కువ. హార్పాక్టికాయిడ్లు అనే ఇంకో కోపెపాడ్ గుంపులో టిస్బే లాంటివి కొన్ని పొట్టి గొలుసు ఆమ్లాల నుంచి పొడవాటివి చేసుకోగలవు. అందుకే అవి తక్కువ రకం తిండితో కూడా నెట్టుకొస్తాయి. అకార్షియాకు ఆ నేర్పు లేదు.

ఇప్పుడు శైవలాల వైపు చూద్దాం. డయాటమ్‌లు, గాజు పెట్టెలాంటి సిలికా గూడు కట్టుకునేవి, వాటిలో ఈపీఏ పుష్కలం, డీహెచ్‌ఏ కొద్దిగానే. డైనోఫ్లాజెల్లేట్లు అనే ఇంకో ఏకకణ గుంపులో డీహెచ్‌ఏ బాగా ఉంటుంది. క్రిప్టోఫైట్‌లలో, అంటే రొడోమోనాస్ లాంటి వాటిలో, రెండూ ఫర్వాలేదనిపించే పాళ్లలో ఉంటాయి. డునాలియెల్లా అనే ఆకుపచ్చ శైవలంలో పొడవాటి గొలుసు ఆమ్లాలు దాదాపు సున్నా. అందులో కెలోరీలు ఎన్ని ఉన్నా ఈ విషయంలో ఉపయోగం లేదు.

జాతి పేరు చూసి తిండి నాణ్యత చెప్పేయొచ్చా అంటే అదీ కుదరదు. 1994లో సిగ్రున్ యోనాస్‌డోటిర్ అకార్షియా మీద చేసిన ప్రయోగాలు నాకు చాలా ఇష్టం. ఒకే శైవలాన్ని వేగంగా పెరిగే వయసులో ఒకసారి, ఎదుగుదల ఆగాక ఒకసారి, ముసలిదయ్యాక ఒకసారి తీసి పెట్టి చూశారు. జాతి అదే అయినా వయసుతో దాని కొవ్వు ఆమ్లాల పాళ్లు మారిపోయాయి, దాన్ని తిన్న తల్లుల గుడ్ల ఫలితాలూ దానితోపాటే మారాయి. అంటే మనం సీసా మీద రాసుకున్న పేరు ఒకటే గానీ, లోపల ఉన్న తిండి మూడు రకాలు. ప్రయోగశాలల మధ్య ఫలితాలు కలవకపోవడానికి ఇలాంటి చిన్న విషయాలే సగం కారణం అని నా అనుమానం.

ఇంకో ముచ్చట. 1995లో అమెరికాలో ఒక బృందం అకార్షియాకు శైవలాల బదులు సీలియేట్లు అనే ఏకకణ జీవులను పెట్టి చూసింది. ఆ సీలియేట్లు బ్యాక్టీరియాను తిని పెరిగినవి. బ్యాక్టీరియాలో స్టెరాల్స్ ఉండవు, పొడవాటి ఒమేగా-3లూ ఉండవు. సీలియేట్ ఆ లోటును టెట్రహైమనాల్ అనే ఇంకో పదార్థంతో సర్దుకుంటుంది. దానికది చాలు. కానీ దాన్ని తిన్న కోపెపాడ్‌కు చాలదు. ఆ తల్లుల గుడ్లు డయాటమ్ తిన్న తల్లుల గుడ్లకంటే వెనకబడ్డాయి.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా 1999లో క్లైన్ బ్రెటెలర్, ఆయన సహచరులు చేసిన పని ఉంది. వాళ్లు డునాలియెల్లాను తీసుకున్నారు, ఇందాక చెప్పాను కదా, అందులో అసలు సరుకు లేదని. దాన్ని నేరుగా టెమోరా, సూడోకాలనస్ పిల్లలకు పెడితే పెరగలేదు. అదే డునాలియెల్లాను ముందు ఆక్సిరిస్ మెరీనా అనే ఏకకణ జీవికి పెట్టి, ఆ ఆక్సిరిస్‌ను కోపెపాడ్లకు పెడితే చక్కగా పెరిగాయి. మధ్యలో ఉన్న ఆ చిన్న జీవి తనకు దొరికిన నాసిరకం సరుకులోంచి పొడవాటి ఆమ్లాలను, స్టెరాల్స్‌ను తయారుచేసి పైకి అందించింది. ఆహారపు గొలుసులో ఒక మెట్టు పెరిగితే శక్తి నష్టమే అని మనం బడిలో చదువుకున్నాం. శక్తి లెక్కలో అది నిజమే. నాణ్యత లెక్కలో మాత్రం ఒక్కోసారి ఆ మెట్టే ప్రాణం నిలబెడుతుంది.

ఇప్పుడు అసలు గొడవలోకి వద్దాం. దీనికే ఎక్కువ సమయం అట్టిపెట్టుకున్నాను.

పాఠ్యపుస్తకాల్లో సముద్రపు కథ ఇలా ఉండేది. వసంతంలో డయాటమ్‌లు విరగబడి పెరుగుతాయి, వాటిని కోపెపాడ్లు తింటాయి, కోపెపాడ్లను చేపలు తింటాయి. డయాటమ్‌లు ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. ఈ కథకు మొదటి దెబ్బ 1990ల మొదట్లో తగిలింది. ఇటలీలోని నేపుల్స్‌లో 1872లో స్థాపించిన పాత సముద్ర పరిశోధన కేంద్రం ఒకటుంది, స్టాట్సియోనే జూవాలాజికా అంటారు. అక్కడి అడ్రియానా ఇయనోరా, ఆంతోనియో మిరాల్తో, ఫ్రాన్స్‌లోని రోస్కాఫ్ కేంద్రం నుంచి సెర్జ్ పూలే, వీళ్లు కలిసి చూసింది ఏమిటంటే, కొన్ని డయాటమ్‌లను తినిపించిన తల్లులు గుడ్లు బాగానే పెడుతున్నాయి. కానీ ఆ గుడ్లు పిల్లలు కావడం లేదు. పిండంలో కణాలు నాలుగైదు మార్లు విడిపోయాయో లేదో, అక్కడే ఆగిపోతున్నాయి. తిండిని డైనోఫ్లాజెల్లేట్‌కు మార్చితే కొద్ది రోజుల్లో గుడ్లు మళ్లీ మామూలుగా పిల్లలవుతున్నాయి. అంటే తల్లి ఆరోగ్యం చెడలేదు. గుడ్డులోకి ఏదో పోతోంది, లేదా ఏదో పోవడం లేదు.

ఈ రెండింటి మధ్య తేడాలోనే మొత్తం వాదన ఉంది. ఒక పక్షం, డయాటమ్‌లో విషం ఉంది అంది. ఇంకో పక్షం, విషం కాదు, ఒక్కటే రకం తిండి పెడుతున్నారు కాబట్టి పోషకాల లోటు అంది. ఈ రెండో పక్షం ఇంకో మంచి ప్రశ్న కూడా వేసింది. కొన్ని ప్రయోగాల్లో తల్లికి తినిపించకుండా, డయాటమ్‌ను నూరి తీసిన రసంలో నేరుగా గుడ్లను ఉంచేవారు. 1996లో యోనాస్‌డోటిర్, థామస్ కియోర్బో కలిసి, అంత చిక్కటి రసంలో ఆక్సిజన్ అయిపోతుంది, గుడ్లు చచ్చేది ఊపిరాడక అని వాదించారు. న్యాయమైన అభ్యంతరమే. సముద్రంలో ఏ గుడ్డూ డయాటమ్ రసంలో నానదు కదా.

అప్పుడు విషం పక్షం వాళ్లు రసాయనాన్నే పట్టుకుని చూపించారు. 1999లో నేచర్‌లో మిరాల్తో బృందం ప్రచురించిన వ్యాసంలో, థాలసియోసిరా, స్కెలెటోనిమా, సూడో-నిట్షియా అనే డయాటమ్‌ల నుంచి ఆల్డిహైడ్‌లను వేరు చేశారు. పది కార్బన్‌ల పొట్టి గొలుసు పదార్థాలు. వీటిని విడిగా పెట్టి చూస్తే కోపెపాడ్ పిండాలు ఆగిపోయాయి, సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి పిండాలు ఆగిపోయాయి, చివరికి ప్రయోగశాలలో పెంచే మనిషి క్యాన్సర్ కణాల ఎదుగుదల కూడా ఆగిపోయింది. విడిపోతున్న కణం ఎక్కడ కనిపించినా దాని మీద దెబ్బ.

ఆ మరుసటి ఏడు గియోర్గ్ పోనర్ట్ ఇంకో ముక్క జతచేశాడు, నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే. బతికున్న డయాటమ్‌లో ఈ ఆల్డిహైడ్ లేదు. ఉల్లిపాయను చూడండి, గంపలో ఉన్నంతసేపూ కళ్లు మండవు, కత్తి పడితేనే మంట. ఇదీ అంతే. కోపెపాడ్ నోట్లో కణం పగలగానే లోపల విడివిడిగా ఉన్న ఎంజైములు, కొవ్వులు కలుస్తాయి. క్షణాల్లో ఎంజైములు కొవ్వు ఆమ్లాలను విడదీసి, కత్తిరించి, ఆల్డిహైడ్‌గా మార్చేస్తాయి. మరి కత్తిరించేది ఏ ఆమ్లాన్ని? థాలసియోసిరాలో డెకాట్రైయెనాల్ అనే ఆల్డిహైడ్ ఈపీఏ నుంచే తయారవుతుంది. ఏ సరుకు కోసం తల్లి డయాటమ్‌ను తినాలో, దాన్నే తినే క్షణంలో విషంగా మార్చేసే ఏర్పాటు అన్నమాట. ఇది తెలిశాక, విషమా లోటా అన్న ప్రశ్నే కొంత పలచబడిపోయింది. ఈపీఏ ఖర్చయి ఆల్డిహైడ్ అవుతుంటే రెండూ ఒకేసారి జరుగుతున్నట్టే.

డయాటమ్‌కు దీని వల్ల లాభమేమిటి అని అడగొచ్చు. తినేసిన కణం ఎలాగూ చచ్చింది. తిన్న కోపెపాడ్‌కు ఏమీ కాలేదు, అది హాయిగా ఇంకో కణం తింటుంది. దెబ్బ తగిలేది ఆ కోపెపాడ్ పిల్లలకు. అంటే లాభం వచ్చే కాలంలో ఉండబోయే డయాటమ్‌లకు, తినేవాళ్లు తక్కువ కావడం వల్ల. పరిణామ శాస్త్రం తెలిసినవాళ్లు ఇక్కడ కనుబొమ్మలు ముడుస్తారు. నేనూ ముడుస్తాను. అసలు ఈ రసాయనాలు కోపెపాడ్ల కోసం పుట్టాయని అనుకోవలసిన పని లేదు. వాటికి వేరే ఉపయోగాలు ఉండి, కోపెపాడ్ల మీద పడే దెబ్బ పక్క ఫలితం కావచ్చు. ఉద్దేశం ఉందా లేదా అన్నది పక్కనపెట్టినా దెబ్బ దెబ్బే.

2002లో పెద్ద జవాబు వచ్చింది, మళ్లీ నేచర్‌లోనే. షాబియెర్ ఇరిగోయెన్, చాలామంది సహచరులు కలిసి ప్రపంచంలో 12 ప్రాంతాల నుంచి లెక్కలు తెచ్చారు. గిన్నెల్లోవి కాదు, సముద్రంలోంచి పట్టిన తల్లులవి. డయాటమ్‌లు ఎక్కువున్న చోట పిల్లల శాతం తక్కువగా ఉందా అని చూశారు. అలాంటి సంబంధమేదీ కనిపించలేదు. డయాటమ్‌లే ఎక్కువగా ఉన్న నీటిలో కూడా గుడ్లు చక్కగా పిల్లలవుతున్నాయి. దీంతో చాలామంది కథ అయిపోయింది అనుకున్నారు.

అయిపోలేదు. 2004లో ఇయనోరా బృందం ఇంకో కోణం చూపించింది. మనం గుడ్డు పిల్ల కావడం దగ్గరే ఆగిపోతున్నాం, పిల్ల అయ్యాక ఏమవుతోందో చూడటం లేదు అన్నారు. కాలనస్ హెల్గోలాండికస్ తల్లులకు స్కెలెటోనిమా డయాటమ్ పెట్టారు. తల్లికీ పిల్లకూ రెండింటికీ డయాటమ్ పెట్టినప్పుడు ఒక్క పిల్ల కూడా పెద్దది కాలేదు, ఎదుగుదల అన్నిటిలోనూ ఆగిపోయింది. పిల్లకు మాత్రం మంచి డైనోఫ్లాజెల్లేట్ తిండికి మార్చినా చావులు తగ్గలేదు. ఎందుకంటే, మొదట్లో గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, కాలనస్ పిల్ల మొదటి రెండు దశలు తినదు. దెబ్బ తగలాల్సింది తల్లి కడుపులోనే తగిలిపోయింది. పిల్ల నోరు తెరిచేసరికి ఆలస్యమైపోయింది. ఇలాంటి పిల్లలు గిన్నెలో కాసేపు ఈదుతాయి. హ్యాచింగ్ లెక్కపెట్టేవాడు వాటిని పిల్లలయ్యాయి అనే గడిలో రాసుకుంటాడు. రెండు రోజుల తర్వాత అవి ఉండవు, అప్పటికి లెక్క పుస్తకం మూసేసి ఉంటుంది.

మరి ఎవరి మాట నిజం? నన్నడిగితే, డయాటమ్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే సరిగ్గా వెయ్యలేదు. డయాటమ్ అని ఒక్కటి లేదు. 2005లో వేర్వేరు డయాటమ్‌ల జాతులను, ఒకే జాతిలోని వేర్వేరు రకాలైన స్ట్రెయిన్లను వరసబెట్టి పరీక్షిస్తే ఆల్డిహైడ్ తయారుచేసేవి సుమారు మూడో వంతే అని తేలింది. ఒకే జాతిలో ఒక స్ట్రెయిన్ చేస్తుంది, ఇంకోటి చెయ్యదు. పైగా ఆల్డిహైడ్ ఒక్కటే నేరస్తురాలు కాదు, కొవ్వు ఆమ్లాల నుంచి అదే దారిలో పుట్టే ఆక్సిలిపిన్‌లు అనే ఇతర పదార్థాలు కూడా పిండాలను దెబ్బతీస్తాయని తర్వాత తెలిసింది. కాబట్టి సముద్రపు నీటిలో మొత్తం డయాటమ్‌లు ఇంత అని కొలిచి దాన్ని పిల్లల శాతం పక్కన పెడితే సంబంధం కనిపించకపోవడంలో వింత లేదు. అలాగని గిన్నెలో ఒకే స్ట్రెయిన్ నింపి వారం రోజులు అదే పెట్టి, సముద్రంలోనూ ఇంతే అనడమూ కుదరదు. సముద్రంలో తల్లికి ఎంపిక ఉంది.

ఎంపిక అంటే నిజంగానే ఎంపిక. అకార్షియా టోన్సా వేట రెండు పద్ధతుల్లో సాగుతుంది. కదలని డయాటమ్‌ల కోసం కాళ్లతో నీటి ప్రవాహం పుట్టించి వచ్చినవాటిని పట్టుకుంటుంది. కదిలే సీలియేట్లు ఎక్కువ ఉంటే, ప్రవాహం ఆపేసి, కదలకుండా పొంచి ఉండి, నీటిలో కలిగే కదలికను పసిగట్టి మీద పడుతుంది. చుట్టూ ఏది ఎక్కువ ఉందో దాన్ని బట్టి పద్ధతి మారుస్తుంది. డయాటమ్‌లు విరగబడి పెరిగే కాలంలో, అంటే డయాటమ్ పూతలో కూడా సీలియేట్లు, డైనోఫ్లాజెల్లేట్లు కొన్ని ఉంటాయి. వాటిని ఏరుకునే తల్లి గుడ్లకు డీహెచ్‌ఏ అందుతుంది, ఆల్డిహైడ్ వాటా తగ్గుతుంది. వాదనలో ఇద్దరూ తాము చూసింది సరిగ్గానే చెప్పారు. తల్లికి ఒక్కటే తిండి గతి అయిన చోట ఇయనోరా చెప్పింది జరుగుతుంది, నాలుగు రకాలు దొరికిన చోట ఇరిగోయెన్ చూసింది జరుగుతుంది. ఒకే జాతి డయాటమ్ దట్టంగా అలుముకున్న పూతలు సముద్రంలోనూ వస్తాయి కాబట్టి మొదటిది ప్రయోగశాలకే పరిమితం అనలేం.

హ్యాచరీల వాళ్లు ఈ సభలో కొందరున్నారు, వాళ్ల కోసం ఒక నాలుగు మాటలు. సముద్రపు చేప పిల్లలకు మొదటి తిండిగా రోటిఫర్‌లు, ఆర్టీమియా అనే చిన్న జీవులను వాడతారు. వాటిలో డీహెచ్‌ఏ సొంతంగా తక్కువ, అందుకే నూనెలతో ఎన్‌రిచ్ చేసి పెట్టాల్సి వస్తుంది. కోపెపాడ్ నాప్లియస్ చిన్నది, సరైన తిండి తిన్న తల్లి పిల్ల అయితే డీహెచ్‌ఏ సహజంగానే ఉంటుంది, అదీ చేప పిల్లకు సులువుగా ఒంటబట్టే ఫాస్ఫోలిపిడ్ రూపంలో. అకార్షియా పెంచేవాళ్లు చాలామంది రొడోమోనాస్‌ను నమ్ముకోవడానికి కారణం ఇదే. ట్యాంకులో గుడ్లు బోలెడు వస్తున్నాయి గానీ పిల్లలు రావడం లేదు అంటే, ముందు నీటిని అనుమానించకండి. శైవలం వయసు చూడండి. పెరుగుదల ఆగిపోయిన పాత కల్చర్ పోస్తున్నారేమో చూడండి. ఒకే శైవలం మీద తరాల తరబడి నడుపుతుంటే రెండోది కలిపి చూడండి. అకార్షియా గుడ్లను చల్లగా నిల్వచేసి కావలసినప్పుడు వాడుకునే వీలుంది, కానీ తల్లి తిండి బాగుంటేనే ఆ నిల్వకు విలువ. ఉప్పు శాతం, ఉష్ణోగ్రత, ఆక్సిజన్, ఇవన్నీ హ్యాచింగ్‌ను మారుస్తాయి, అది మీకు నేను చెప్పేదేముంది.

ఈ మధ్య తల్లి తిండిలో కొత్తగా చేరిన సరుకు ప్లాస్టిక్. 2015లో ఇంగ్లండ్‌లో మ్యాథ్యూ కోల్, ఆయన సహచరులు కాలనస్ హెల్గోలాండికస్‌కు శైవలాలతోపాటు 20 మైక్రాన్ల పాలిస్టైరిన్ పూసలు పెట్టి చూశారు. తల్లులు తినే కార్బన్ 40 శాతం తగ్గింది. పెట్టిన గుడ్ల సంఖ్యలో పెద్దగా తేడా లేదు. గుడ్లు చిన్నవయ్యాయి, పిల్లలయ్యేవి తగ్గాయి. గుడ్ల సంఖ్య ఒక్కటే చూసినవాడికి ఇక్కడ అంతా బాగుందనిపిస్తుంది, ఆ మాటే పొద్దుటి నుంచి మొత్తుకుంటున్నాను.

ఇందాక ముందు వరుసలోంచి ఒక చీటీ వచ్చింది. "అంతా తల్లి తిండే అంటున్నారు, తండ్రి తిండి మాటేమిటి?" అని రాశారు. బాగా అడిగారండి. ఆడ కోపెపాడ్ ఒకసారి జతకట్టి ఆ వీర్యాన్ని ఒంట్లో దాచుకుని వాడుకోగలదు కాబట్టి చాలా ప్రయోగాల్లో మగదాన్ని గిన్నెలో పెట్టరు, దాని గురించి ఆలోచించరు. కానీ 1999లో ఇయనోరా బృందమే ఇంకో వ్యాసంలో చూపించింది, కొన్ని డైనోఫ్లాజెల్లేట్లను తిన్న మగవాటికి గుడ్లను ఫలదీకరించే శక్తి తగ్గుతుందని. గమనించారా, డైనోఫ్లాజెల్లేట్లు. ఇంతసేపూ మంచి తిండి అని మనం పొగుడుతూ వచ్చిన గుంపులోవే. అందుకని ఈ ప్రయోగాలు చేసే విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే. తల్లికి ఏం పెట్టారో రాసుకున్నట్టే, జతకట్టక ముందు మగదానికి ఏం పెట్టారో కూడా రాసుకోండి. పిల్ల కాని ప్రతి గుడ్డునూ సూక్ష్మదర్శిని కింద పెట్టి, అది విడిపోవడం మొదలుపెట్టి ఆగిందా, అసలు మొదలే కాలేదా చూడండి. మొదలే కాకపోతే తల్లి తిండిని తప్పుబట్టే ముందు మగదాని గిన్నె వైపు ఒకసారి చూడాలి.

ఇంకెవరికైనా ప్రశ్నలుంటే మైకు అటు పంపిస్తారు, అడగండి.